మూల అవతల

నిచ్చెన నాలుగో మెట్టు మీద స్వరాజ్యం ఆగిపోయింది. మోకాళ్ల నొప్పి వల్ల కాదు, వాసన వల్ల. తడి ఇటుక, తుప్పు, ఎక్కడో అడుగున ఉప్పు పట్టిన బురద, వాటి మధ్య సన్నగా నూనె వాసన. రాట్నం ఇరుసుకు పోసే నూనె యాభై ఏళ్ల తరవాత ఎక్కడి నుంచి వస్తుంది, రాదు, అది తన ముక్కులోనే ఇన్నాళ్లూ దాగి ఉండి ఇప్పుడు బయటికి వచ్చి ఉంటుంది. పైన తాడు పట్టుకున్న మనిషి "క్యా హువా, మాజీ?" అని అడిగాడు. కింద నుంచి ఇంజనీరు పిల్ల కోమలి, తలకు కట్టుకున్న లైటు పైకెత్తి, "అమ్మా, భయమేస్తే ఎక్కేయండి, పర్లేదు" అంది. భయమా? స్వరాజ్యానికి నవ్వొచ్చింది. అరవై ఐదేళ్ల మనిషి, మోకాళ్ల డాక్టరు దగ్గరికి పోతున్నానని కోడలు సంధ్యకు చెప్పి, నవాగామ్ నుంచి రెండు బస్సులు మారి, వరసగా నాలుగు రోజులు వచ్చి ఈ గుంత అంచున ఇటుకల కుప్ప మీద కూర్చున్నది భయపడడానికా. "భయం కాదు బిడ్డా, జర వాసన చూస్తున్న" అని చెప్పి ఐదో మెట్టు మీద కాలు పెట్టింది.

సూరత్‌లో చౌక్ వెనక గల్లీలో, తాపీ నదికి వంద గజాల్లో, పాత కార్ఖానా పడగొట్టి పునాదులు తవ్వుతుంటే నేల కుంగి ఈ నోరు తెరుచుకుంది. ఇక ఊరంతా తలో మాట. తెల్లవాళ్లు మందుగుండు దాచుకున్న చోటని కొందరు, నవాబు ఇంటి ఆడవాళ్లు పారిపోయిన దారని కొందరు, సముద్రం దాకా పోతుందని ఒకడు, లోపల బంగారం ఉందని ఇంకొకడు. ఫోన్లు పట్టుకుని జనం వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, రెండు రోజులకు విసుగెత్తి పోయారు. స్వరాజ్యం మాత్రం పోలేదు. "నేను దీంట్ల పని చేసిన" అని కాపలావాడికి హిందీలో చెబితే వాడు నవ్వి, "సొరంగంలో ఏం పని చేస్తావు, మాసీ?" అన్నాడు. నాలుగో రోజు తనలో తాను తెలుగులో ఏదో గొణుక్కుంటుంటే, అటుగా పోతున్న హెల్మెట్ పిల్ల ఠక్కున ఆగి వెనక్కి తిరిగింది. వాళ్ల నాన్నది కాకినాడ దగ్గరట, హజీరాలో ఉద్యోగమట, పిల్ల పుట్టి పెరిగింది ఇక్కడే. సోమవారం ఈ సొరంగంలోకి కాంక్రీటు పంపు చేసి మూసేస్తారు, ఆలోగా ఇది ఎంత దూరం పోతుందో, ఏ ఇళ్ల కిందుగా పోతుందో కొలిచి రాయడం ఆ పిల్ల పని. "లోపల మీకు తెలుసా?" అని అడిగింది. "మూల దాకా ఎరుక." "మూల తరవాత?" "గదే చూద్దామనే కదా నాలుగొద్దుల సంది కూసున్న." కోమలి ఆమె కాళ్ల వంక చూసింది, మొహం వంక చూసింది, గడియారం చూసింది. పన్నెండున్నరకు తాపీలో పోటు వస్తుంది, నీళ్లు గోడల్లోంచి ఊరతాయి, మన దగ్గర గంట ఉంది అంది. ఎవరి హెల్మెట్టో తెచ్చి తనే స్వరాజ్యం తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ బిగించింది. ఇలా గడ్డం పట్టుకుని ఎవరైనా తన మొహం పైకెత్తి ఎన్నేళ్లయిందో.

కాలికి నేల తగిలింది. మెత్తగా ఉంది. రెండువేల ఆరు వరదకు వచ్చి పడిన ఒండ్రుమట్టి ఎండి, పగిలి, అరిసెల్లా లేచింది. అందుకే కప్పు దగ్గరైంది కాబోలు, లేకపోతే తను పొడుగైందా? అప్పుడు చేయెత్తి ఎగిరినా అందని కమాను ఇప్పుడు హెల్మెట్టుకు రాసుకుంటోంది. గోడల మీద తెల్లగా ఉప్పు పూసింది. వేలితో తీసి నాలుక కొసకు తగిలించుకుంటే కోమలి "అయ్యో, అదేం పని" అంది. ఉప్పే. అప్పుడూ ఇంతే ఉప్పగా ఉండేది, ఇక్కడ పని చేసే పన్నెండు మంది ఆడపిల్లలూ మధ్యాహ్నం రొట్టెలో ఉల్లిగడ్డకు తోడు గోడ గీక్కుని తిన్నారని చెబితే ఈ పిల్ల నమ్ముతుందా? చెప్పింది. నమ్మింది. నమ్మి, తనూ వేలితో కొంచెం తీసి రుచి చూసింది. బాగుంది పిల్ల, అనుకుంది స్వరాజ్యం.

డెబ్బై ఒకటి డిసెంబర్. తనకు పదకొండేళ్లు. పాకిస్తాన్ విమానాలు వస్తాయని సైరన్లు, లైట్లు ఆపమని విజిళ్లు. నాన్న కిటికీ అద్దాలకు నల్లకాగితం అంటిస్తుంటే జిగురు గిన్నె పట్టుకున్నది తనే, యుద్ధం అంటే జిగురు వాసన అని చాలా రోజులు అనుకుంది. విమానం పైనుంచి చూసేవాడికి మన ఇంట్లో దీపం కనిపిస్తుందా, కనిపిస్తే మనం తెలుగువాళ్లమని తెలుస్తుందా అని అడిగి నాన్నతో చీవాట్లు తిన్నది. చీకటి పడితే సాంచాలు, అదే మరమగ్గాలు, నడపకూడదన్నారు. సేఠ్ రెండు రోజులు తల పట్టుకుని, మూడో రోజు కార్ఖానా వెనక పలకరాయి లేపించాడు. దాని కింద ఇది. ఎవరు కట్టారో ఎందుకు కట్టారో తెలియదు, కింద ఎంత దీపం పెట్టినా పైకి కనబడదు, అంతే. సాంచాలు దింపలేరు గనుక రాట్నాలు దింపారు. పన్నెండు రాట్నాలు, కండెలకు దారం చుట్టడానికి పన్నెండు మంది ఆడపిల్లలు. రెండు వారాలకు యుద్ధం అయిపోయింది, పైన జనం మిఠాయిలు పంచుకున్నారు. కానీ పిల్లల్ని పనిలో పెట్టుకున్నారా అని అడిగే ఆఫీసర్లు నేల కిందికి చూడరని సేఠ్‌కు అప్పటికే తెలిసిపోయింది. పన్నెండు రాట్నాలూ మరో రెండేళ్లు కిందే తిరిగాయి.

ఇవిగో, ఇక్కడే. ఇటుక నేల మీద ఒండ్రుమట్టి లేచిపోయిన చోట గుండ్రటి నూనె మరకలు, నల్లగా, గోడ పొడుగునా. కోమలి వంగి ఫొటో తీస్తూ ఇవేవో యంత్రాలు బిగించిన గుర్తులని రాసుకోబోయింది. "యంత్రాలు కావు బిడ్డా. ఇది యశోద కూసునేది, ఇది పోశవ్వ, ఇది నేను." ఏడో మరక. దాని ఎదురు గోడన ఎనిమిదోది. దాని పేరు చెప్పలేదు. చెప్పకుండా దాని పక్కనుంచి నడిచింది, తొక్కకుండా.

పద్మారాణి. పద్మక్క. తనకంటే నాలుగేళ్లు పెద్దది. కండె చుడుతూ దారం తెగితే తలెత్తకుండానే ముడేసేది, ఆ ముడి వేలితో తడిమినా తెలిసేది కాదు. సేఠ్ గుమాస్తా మునీమ్‌జీ కోప్పడతాడని చప్పుడు లేకుండా నవ్వేది, భుజాలు మాత్రం ఊగేవి. అందరూ పైకి పోయి పెళ్లిళ్ల గురించి మాట్లాడుకునేవాళ్లు, పద్మక్క మాత్రం స్వరాజ్యాన్ని పట్టుకుని ఏదో ఒకటి అడిగేది. నది నీళ్లు వెనక్కి ఎందుకొస్తయే? నైలాన్ దేంతోని చేస్తరే? చిన్నదాన్ని తనను అడిగేదేంటి, కానీ అడిగేది, తనకు తెలియకపోతే "నాకు సుత ఎరుకలే" అని ఇద్దరూ సంతోషపడేవాళ్లు. ఉంటే ఇప్పుడు అరవై తొమ్మిది. ఉంటే అన్న మాట యాభై ఏళ్లుగా అన్ని వాక్యాల ముందూ వచ్చి నిలబడుతూనే ఉంది.

కోమలి గోడ మీద సుత్తితో చిన్నగా కొడుతూ వస్తోంది, టక్ టక్, ఆగి చెవి పెట్టి వింటోంది. ఎందుకని అడిగింది స్వరాజ్యం. వెనక ఖాళీ ఉంటే చప్పుడు మారుతుందట. ఈ కమాను ఇటుకలు ఎన్నాళ్లవో ఎట్లా తెలుస్తదని అడిగింది. ఇటుక కొలతను బట్టి, మధ్యలో ఉన్న సిమెంటును బట్టి తెలుస్తుందట, ఇది నవాబుది కాదు, డచ్చివాళ్లదీ కాదు, రెండో ప్రపంచ యుద్ధం నాటిది, బాంబులు పడితే తలదాచుకోడానికి కట్టింది అని చెప్పి, ఆ పిల్ల మామూలుగా, టక్ టక్ మధ్యలో, "అందుకే ఇంకో దారి కోసం చూస్తున్నాను. ఇలాంటి వాటికి రెండు దారులు పెడతారు. ఒకటి కూలిపోతే రెండోదాంట్లోంచి బయటపడాలి కదా" అంది.

స్వరాజ్యం నిలబడిపోయింది.

ఒకే దారి. నోరు ఒకటే, అక్కడ మునీమ్‌జీ స్టూలు వేసుకుని కూర్చునేవాడు, ఎవరు దిగినా ఎవరు ఎక్కినా అతని మోకాలు తగలకుండా పోలేరు. డెబ్బై నాలుగులో, ఉతరాన్ పండక్కి, అంటే సంక్రాంతికి, ఎగరేసిన గాలిపటాల దారాలు ఇంకా కరెంటు తీగల మీద వేలాడుతున్న రోజుల్లో, ఒక పొద్దున పద్మారాణి ఆ నోట్లోంచి కిందికి దిగింది, సాయంత్రం ఎక్కలేదు. మునీమ్‌జీ దేవుడి మీద ప్రమాణం చేశాడు. అందరూ కిందికి పరిగెత్తారు. మూల మలుపు దగ్గర వేలాడే గోనెపట్టా ఎత్తి సాంచాల మేస్త్రీ జాబర్ నరహరి టార్చి పట్టుకుని అవతలికి పోయాడు, మూడు నిమిషాల్లో తిరిగొచ్చి "గోడే ఉన్నది, ఇంకేం లేదు" అన్నాడు. మరి మనిషి ఏమైనట్టు? నేల మింగిందన్నారు. తెల్లదొర దయ్యం అన్నారు. నదిలో తేలుతుందని మూడు రోజులు ఒడ్డున కాపు కాశారు. తరవాత, ఏ దారిన పోయిందో చెప్పలేని వాళ్లే, ఎవడితోనో పోయిందన్నారు. ఎవడితో? అద్దకం పనివాడన్నారు, లారీ డ్రైవరన్నారు. ప్రతి నోటా ఒకే ప్రశ్న, ఎవరితో, ఎవరితో. ఎక్కడికి పోయింది అని అడిగింది ఆమె తల్లి ఒక్కతే.

రాజవ్వ. దీపాలు పెట్టే వేళకు వచ్చి గడప బయటే నిలబడేది, లోపలికి రమ్మంటే రాదు. "బిడ్డా, ఆఖరుకు నువ్వే కదా చూసింది. పోయేటప్పుడు ఏమన్నదే?" "ఏమనలే పెద్దవ్వా." మర్నాడు మళ్లీ. "జర యాది చేసుకో బిడ్డా, ఏమన్న అన్నదా?" "ఏమనలే." నాలుగు నెలలు. సేఠ్ సొరంగం నోరు మూయించి పైన గచ్చు చేయించాడు, మిగిలిన పదకొండు మందినీ ఇళ్లల్లో వాళ్లు గబగబా ఏదో ఒక ఇంటికి ఇచ్చేశారు, తనను దశరథానికి ఇచ్చారు. మంచివాడే, ఏనాడూ ఆ సంగతి ఎత్తి మాట అనలేదు. పెళ్లిలో రాజవ్వ అక్షింతలు వేయడానికి వచ్చి, వంగి, చెవిలో, అందరి ముందూ ఆశీర్వదిస్తున్నట్టే, "ఇప్పుడన్న చెప్పు, నేనెవ్వరికీ చెప్పను" అంది. పసుపు బట్టల్లో పద్నాలుగేళ్ల పిల్ల తల అడ్డంగా ఊపింది. ఇప్పుడు ఆ తల మీద హెల్మెట్టు ఉంది, దాని కింద చెమట కారుతోంది.

"ఏమైందమ్మా, కూర్చుంటారా?" అంది కోమలి.

"పిలిచింది బిడ్డా నన్ను" అంది స్వరాజ్యం. నోరు అంత తేలిగ్గా తెరుచుకుంటుందని ఆమెకే తెలియదు. "పగలు మూడు కావస్తుండె, మిగిలినోళ్లు తినెటందుకు పైకి పోయిన్రు. మేమిద్దరమే ఉన్నం. లేచి లంగా దులుపుకున్నది. స్వరాజ్యం, మూల దాక వస్తవా, ఒకటి చూపిస్త అన్నది. నాకు కండెలు కాలే. ఇంకా పదకొండున్నయి, మునీమ్ తిడ్తడు, నేను రాను అన్న. సరే తీ, చేసుకో అన్నది. నేను తల సుత ఎత్తలే. గంతే. ఇది ఎవ్వరికీ చెప్పలే. చెప్తే నీకెరుకే ఉండె, నువ్వే తోలిచ్చినవు అంటరని. వాళ్లమ్మకు సుత చెప్పలే. ఆమె సచ్చిపోయి ముప్పై ఏండ్లాయె."

కోమలి సుత్తి నడుముకు తగిలించుకుని చేయి చాచింది. "మూల అదేగా? పదండి, చూద్దాం."

అదే. గోనెపట్టా లేదు, దాన్ని వేలాడదీసిన రెండు మేకులు ఉన్నాయి. ఈ మేకుల అవతల ఏముందో రెండేళ్లు పన్నెండు మంది పన్నెండు రకాలుగా చెప్పుకున్నారు. యశోద పాముల గది అనేది. పోశవ్వ బొంబాయి అనేది. తను సముద్రం అనుకునేది, ఎందుకంటే సూరత్‌లో పుట్టి కూడా అప్పటికి సముద్రం చూడలేదు, డుమస్ ఒడ్డుకు తీసుకుపోయేవాళ్లు లేరు. పెళ్లయ్యాక దశరథం తీసుకుపోతే నల్లటి బురద, దూరంగా వెనక్కి పోయిన నీళ్లు చూసి, ఇంతేనా, మూల అవతల ఉండాల్సింది ఇంకా పెద్దది కదా అనిపించింది, ఆ మాట ఆయనకు చెప్పలేదు, ఆయన భజియాలు కొనుక్కొచ్చి అంత సంబరంగా ఉంటే ఎట్లా చెబుతుంది. పిల్లలు పుట్టారు, ఆయన మిల్లులు మారాడు, ప్లేగు వచ్చి ఊరు ఖాళీ అయింది, వరద వచ్చి ఊరు మునిగింది, ఆయన పోయాడు. ఇవన్నీ జరుగుతున్నంత కాలం తలలో ఒక మూలన ఈ మూల ఇట్లాగే ఉంది, గోనెపట్టా వేలాడుతూ. కండెలు కాలేదు, కండెలు కాలేదు. ఆ రోజు ఎన్ని కండెలు చుట్టిందో గుర్తుంది, ఆ కండెల దారం ఏ చీరల్లోకి పోయిందో, ఎవరు కట్టుకున్నారో, ఎప్పుడు చింపి మసిగుడ్డ చేసుకున్నారో తెలియదు. కాలు ముందుకు పడింది. మలుపు తిరిగింది.

ఆరడుగులు. తరవాత చిన్న గది, రెండు వైపులా కూర్చోడానికి ఇటుక అరుగులు. ఎదురుగా గోడ.

"ఇంతే" అంది కోమలి కొంచెం నిరాశగా, టేపు చివర గోడకు ఆనించి కొలత చదువుకుంటూ. నరహరి అబద్ధం చెప్పలేదు. గోడే ఉంది, ఇంకేం లేదు. పాములూ లేవు, బొంబాయీ లేదు. ఎలుక ఎముకలు కూడా లేవు. స్వరాజ్యం కుడి అరుగు మీద కూర్చుంది. అయితే నేలే మింగిందా? హెల్మెట్టు పట్టీ గడ్డానికి గుచ్చుకుంటుంటే విప్పి పక్కన పెట్టుకుంది, తల తుడుచుకుంది. అప్పుడు, తుడుచుకున్న పాపిటి మీద, చల్లగా తగిలింది. ఊదినట్టుగా. ఒకసారి. ఆగి మళ్లీ. ఆమె మెల్లగా తల పైకెత్తింది.

కోమలి లైటు కూడా ఆమె చూపు వెంట పైకి వెళ్లింది. అరుగు పైన, గోడలోకి లోతుగా, కిందినుంచి నడిచే మనిషికి కనబడకుండా, నిలువుగా ఒక గొట్టం. దాని గోడకు ఇనుప కమ్మీలు, చేయి పట్టుకుని ఎక్కడానికి. ఎదురుగా టార్చి వేసి చూసిన నరహరి గోడనే చూసి ఉంటాడు. ఆడపిల్ల కనబడకపోతే జనం నేల మీద వెతుకుతారు, నీళ్లలో వెతుకుతారు, పైకి ఎవరు చూస్తారు? లేకపోతే చూసే ఉంటాడా, చూసి కూడా గోడే ఉందన్నాడా? నరహరి కూడా పోయాడు, అడగడానికి లేదు. "ఇదే రెండో దారి" అని కోమలి అరుగెక్కి మొదటి కమ్మీ పట్టుకుని ఊపి, వేళ్లు విడదీసి చూసుకుని, "దీనికేదో చుట్టారమ్మా. ప్లాస్టిక్‌లా ఉంది" అంది.

స్వరాజ్యం అరుగు మీదికి ఎక్కింది, ఎట్లా ఎక్కిందో తెలియదు. కమ్మీ చుట్టూ దారం, వరస మీద వరస, కండెకు చుట్టినట్టు ఎక్కడా ఖాళీ లేకుండా, మసితో నల్లబడింది. బొటనవేలితో రుద్దింది, ఉమ్ము తడి చేసి మళ్లీ రుద్దింది. మసి కింద నుంచి రాణి రంగు వచ్చింది. నైలాన్. మట్టి తినదు దాన్ని, నీళ్లు తినవు. తుప్పుకు చేతులు కోసుకుపోకుండా, ఓపికగా, మొదటి కమ్మీకి, రెండో కమ్మీకి, పైన లైటు పడినంత మేరా అన్నిటికీ. ఇది ఒక్క రోజు పని కాదు. ఎన్ని మధ్యాహ్నాలు, అందరూ రొట్టెలు తింటున్న వేళ, ఒక్కతే ఇక్కడ నిలబడి ఒక్కో కమ్మీ చుట్టుకుంటూ పైకి పోయిందో. దారం కొస వెతికింది. ముడి. మామూలుగా ఆ ముడి అందరికీ కుడివైపుకు వాలుతుంది, ఇది ఎడమకు వాలింది. పద్మక్కది పుర్రచెయ్యి. ఎడమచేత్తో తిప్పేది రాట్నం, అందుకే ఎదురు గోడన కూర్చోబెట్టారు, పక్కనున్న వాళ్ల మోచేయి తగులుతుందని.

నేల మింగలేదు. ఎవరూ తోలుకపోలేదు. తన చేతులతో తను మెట్లు చేసుకుని ఎక్కి పోయింది. ఒకటి చూపిస్త అన్నది ఇదే. తనతో రమ్మని పిలిచిందా, ఊరికే చూపించి సంతోషపడదామనుకుందా, తను వస్తే ఆ రోజు పోకుండా ఆగేదా, వస్తే ఇద్దరూ పోయేవాళ్లా, అప్పుడు దశరథం ఎక్కడ, పిల్లలెక్కడ, ఈ మోకాళ్లెక్కడ? ప్రశ్నలన్నీ ఒకేసారి తోసుకొచ్చాయి, కానీ వాటన్నిటినీ పక్కకు నెట్టి ఒక చిన్న ప్రశ్న ముందుకొచ్చి నిలబడింది. పైన ఏమున్నది?

"నేనెక్కుత."

"వద్దు. ఇవి ఎనభై ఏళ్ల కమ్మీలు."

"నువ్వు కొట్టి చూడు. నీకు చప్పుడుతోని ఎరుకైతది కదా."

కోమలి సుత్తి తీసి అందినంత వరకు కొట్టి విన్నది, ఎక్కి మిగిలినవీ కొట్టి విన్నది, పైకమ్మీకి తాడు కొక్కెం తగిలించి దిగొచ్చి, రెండో కొస స్వరాజ్యం నడుముకు బిగించింది. "తొమ్మిది కమ్మీలు. పైన రాతిపలక ఉంది, సందులోంచి వెలుతురు వస్తోంది. చూసి వెంటనే దిగాలి. నీళ్లు మొదలయ్యాయి." నిజమే, ఒండ్రుమట్టి పగుళ్లలోంచి చప్పుడు లేకుండా నల్లటి నీళ్లు మెరుస్తున్నాయి.

ఒక్కో కమ్మీకీ మోకాలు కలుక్కుమంది. అయినా దారం చుట్టిన కమ్మీలు చేతికి మెత్తగా ఉన్నాయి, జారలేదు. ఎవరి చేతికని చుట్టిందో గాని ఇవాళ తన చేతికి పనికొచ్చాయి. ఏడు. ఎనిమిది. రాతిపలక తలకు తగిలింది. అప్పట్లో ఇది లేనే లేదో, పద్మక్కే జరుపుకుందో. దాని అంచున రెండు వేళ్ల సందు, సందులోంచి పన్నెండు గంటల ఎండ కంట్లో పొడిచింది. చెప్పులేసుకున్న కాళ్లు, స్టవ్వు చప్పుడు, అల్లం దంచిన వాసన. ఎవరిదో చాయ్ బండి. స్వరాజ్యం నోరు సందు దగ్గర పెట్టి గుజరాతీలో, "అన్నా, ఇది ఏ జాగా?" అని అడిగింది.

కాళ్లు ఆగాయి. గ్లాసు ఒకటి కింద పడింది. కాసేపటికి ఒక మీసాల మొహం నేలకు ఆనుకుని సందులోకి చూసింది. "ఎవరు? ఎవరు లోపల?"

"నేను, స్వరాజ్యం. నవాగామ్‌ల ఉంటం. భయపడకు. ఇది ఏ జాగా?"

"బస్సులాగే చోటు, మాసీ" అన్నాడు అతను బిత్తరపోయి. "మీరు కిందెట్లా... పడ్డారా?"

"పడలే. ఎప్పటి సంది ఇక్కడ బస్సులు ఆగుతయి?"

అతను వెనక్కి తిరిగి ఎవరినో పిలిచాడు. స్టూలు జరిగిన చప్పుడు, కర్ర చప్పుడు, ఆయాసం. ముసలి గొంతు ఒకటి పైనుంచి, మనిషి కనబడకుండా, "నా చిన్నప్పటి నుంచీ ఆగుతున్నాయి, బెన్. ఈ బండి మా నాన్నది. ఏం కావాలి?" అంది.

కింద కోమలి, "అమ్మా, దిగండి, నీళ్లు నా బూట్ల దాకా వచ్చాయి" అంటోంది. స్వరాజ్యం తొమ్మిదో కమ్మీ గట్టిగా పట్టుకుంది. ఎవరితో అని అడగాలనిపించలేదు. ఒక్కతే వెళ్లిన అమ్మాయిని చూశావా అని అడగాలని నాలుక దాకా వచ్చింది, ఎన్ని వేల మంది ఆడపిల్లలు ఎక్కి ఉంటారు, ఆయనకేం తెలుస్తుంది. "కాకా, డెబ్బై నాలుగుల, పగలు మూడు గంటలకు ఈడికెళ్లి ఏ బస్సు పోతుండె?"

పిచ్చిది అంటాడనుకుంది. కానీ ముసలాయన ఆలోచిస్తున్నాడు, లోపల ఏవో పేర్లు గొణుక్కుంటున్నాడు, "రెండింటికి నవ్సారి... మూడింటికి, మూడింటికి సోన్‌గఢ్ బండి. కామ్‌రేజ్, బార్డోలీ, వ్యారా మీదుగా. అక్కడ దిగి ఇంకో బండెక్కితే నందుర్‌బార్, ధూలే, ఎక్కడికైనా పోవచ్చు" అన్నాడు.

కామ్‌రేజ్ అంటే చెరుకు తోటలు. బార్డోలీ తను చూసింది, ఒక పెళ్లికి. వ్యారా చూడలేదు. సోన్‌గఢ్ దగ్గర కొండలుంటాయంటారు. పద్మక్క రాణిరంగు అంటిన వేళ్లతో కమ్మీ పట్టుకుని, సుమతీ టాకీసులో సినిమా కూడా ఒంటరిగా చూసి ఎరగని పిల్ల, దుమ్ము రోడ్డున పోతున్న బస్సులో. కండక్టరు ఏమన్నాడో, ఎండ ఎటుపక్క పడిందో. అన్నీ అడగాలని ఉంది, అన్నీ ఈ ముసలాయననే అడగాలని ఉంది, కింద కోమలి తాడు లాగుతోంది.

"కాకా, ఇంకొక్కటి. కూసునెటందుకు జాగ దొరుకుతుండెనా?"

"మూడింటి బండిలోనా?" ముసలాయన నవ్వాడు. "ఆ ఎండలో ఎవరు ఎక్కుతారు, బెన్? ఖాళీగా పోయేది. కిటికీ పక్కన కూర్చోమని కండక్టరే చెప్పేవాడు."